పత్తి గదికి చుట్టాలొచ్చారు

ఈసారి క్రిస్మస్‌కి అత్తయ్య వచ్చి నాలుగు రోజులుంటుందని నాన్న చెప్పినప్పుడు అమ్మ మాకు అన్నం వడ్డిస్తోంది. గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

“ఉంటదా? పడుకునేది కూడా ఇక్కడేనా?” అని అడిగింది.

“ఇక్కడే. హాస్టల్‌కి రిపేర్లంట. సెలవులన్నాళ్ళూ తాళం వేస్తారంట. ‘ఒరేయ్, ఈసారి మీ ఇంటికొచ్చి ఉంటాలే’ అని తనంతట తనే అంది,” అన్నాడు నాన్న. ఆయన బడి పని మీద గుంటూరు వెళ్ళి, అక్కడ అత్తయ్యను చూసి, ఆ సాయంత్రమే తిరిగొచ్చాడు.

అమ్మ వడ్డించటం మానేసి కొత్త గది తలుపు వంక చూసింది. నేనూ తమ్ముడూ కూడా అటే చూశాం. తలుపు కింద సందులోంచి పత్తి పింజ ఒకటి బయటికి వచ్చి గాలికి అటూ ఇటూ కదులుతోంది.

ఎనభైల నడుమ మాట ఇది. మా ఊరు దర్శికి దగ్గర్లో, నల్లరేగడి చేల మధ్య ఉండేది. నాకప్పుడు పదకొండేళ్ళు, తమ్ముడికి ఏడు. నాన్న మా పాలెం బడిలో టీచరు. అమ్మ చేలో పని చూసుకునేది. కౌలుకు తీసుకున్న పొలంలో సగం పత్తి, సగం మిరప వేసేవాళ్ళం. అప్పటిదాకా మా నలుగురికీ ఉన్నది ఒకటే గది. వండుకునేదీ అందులోనే, చదువుకునేదీ అందులోనే, వానొస్తే మేకపిల్ల తలదాచుకునేదీ అందులోనే. ఆ ఏడు ఎండాకాలంలో నాన్న దానికి ఆనుకుని ఇంకో గది కట్టించాడు. ఇటుక గోడలు, పైన రేకులు, కింద నాపరాళ్ళు. దర్శిలో ఎవరో పాత ఇల్లు పడగొడుతుంటే అక్కణ్ణించి ఒక టేకు తలుపు కొనుక్కొచ్చి బిగించారు. దానికి లోపలివైపు ఇత్తడి గడియ ఉంది. మా పాలెంలో ఎవరింటి తలుపుకీ లోపల గడియ ఉండేది కాదు. ఆ గడియ చూడడానికే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పనిగట్టుకుని వచ్చారు.

గది పూర్తయిన రోజే అమ్మ దానికి చుట్టాల గది అని పేరు పెట్టింది. కానీ చుట్టాలకంటే ముందు పత్తి వచ్చింది. మొదటిసారి తీసిన పత్తి అందులో పోశాం. రెండోసారి తీసిందీ అందులోనే పోశాం. కొంటానన్న షావుకారు అదిగో లారీ ఇదిగో లారీ అంటూ వాయిదా వేస్తూ వచ్చాడు. డిసెంబరు నెల సగానికి వచ్చేసరికి పత్తి రేకులకు తగిలింది. తలుపు తీస్తే చాలు, కొంత మా కాళ్ళ మీదకి జారేది. మళ్ళీ దాన్ని లోపలికి తోసి తలుపు వెయ్యాలంటే ఇద్దరం ఆనుకోవాలి.

“సోమవారం లారీ వస్తది,” అన్నాడు నాన్న.

“రాకపోతే?”

“వస్తదిలే.”

“వచ్చినా రాకపోయినా మా వదిన ఆ గదిలోనే పడుకోవాల,” అంది అమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. ఎవరితోనో పందెం కాస్తున్నట్టుగా ఉంది.

అత్తయ్య సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమె నాన్నకి అక్క. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని గుంటూరు వెళ్ళి, ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చేరింది. నాన్నను పక్కనున్న మగపిల్లల బోర్డింగులో వేసి టీచరు ట్రైనింగు దాకా చదివించింది. తను పెళ్ళి చేసుకోలేదు. అదే హాస్టల్లో వంటా, పిల్లల జబ్బులూ, జడలూ అన్నీ చూసుకుంటూ ఉండిపోయింది. ఏటా క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు మా ఊరొచ్చేది. మధ్యాహ్నం దిగి, అందర్నీ పలకరించి, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయేది. “ఉండండి వదినా” అని అమ్మ అంటే, “హాస్టల్లో పని ఉందిలే” అనేది. పని సంగతి ఏమో గాని, ఉన్న ఒక్క గదిలో తను కూడా ఎక్కడ ఇరుకుతుందన్నది అసలు సంగతని అందరికీ తెలుసు.

అందుకే ఆ మర్నాటి నుంచీ మా ఇంట్లో హడావుడి మొదలైంది.

చుట్టాల గది ఎలా ఉండాలో అమ్మకు బాగా తెలుసు. పెళ్ళి కాకముందు ఆమె మిషను బంగళాలో ఊడ్చేది. అక్కడ పై ఊళ్ళ నుంచి వచ్చే దొరసానుల కోసం ఒక గది ఎప్పుడూ సిద్ధంగా ఉండేదట. “మంచం పక్కన స్టూలు. స్టూలు మీద కూజా. కూజా మీద బోర్లించిన గ్లాసు. మంచం మీద మడతపెట్టిన తువ్వాలు, దాని మీద కొత్త సబ్బు. కిటికీకి తెర. గోడకి అద్దం,” అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. చిన్నప్పుడు ఆ గది ఊడుస్తూ, ఎవరూ లేనప్పుడు ఒక్కసారైనా ఆ మంచం అంచున కూర్చోవాలనిపించేదట. ఎప్పుడూ కూర్చోలేదట.

మేం దర్శి వెళ్ళాం. అమ్మ నన్ను మాత్రమే తీసుకెళ్ళింది. తమ్ముడు బస్సు వెనక కొంతదూరం పరిగెత్తి, ఏడ్చి, ఆగిపోయాడు. బజారులో అమ్మ ఎప్పుడూ నడిచే నడక కాదు అది. ఒక్కో కొట్టు ముందూ నిలబడి, గది మొత్తాన్ని కళ్ళ ముందు పెట్టుకుని, “ఇది ఎక్కడ పెడతాం?” అని నన్నడిగేది. నన్ను అలా అడగటం అదే మొదలు. ఎర్ర కాగితాలు, ఆకుపచ్చ కాగితాలు, పసుపుపచ్చ కాగితాలు చుట్టచుట్టి నా చేతికిచ్చారు. చెమ్కీ దండలు కొన్నాం. వంకాయ రంగు పూలున్న తెర గుడ్డ నేను ఎంచాను. అమ్మ దాన్ని వెలుగులోకి పట్టి చూసి, కట్టించింది. అద్దం దగ్గర మాత్రం చాలాసేపు పట్టింది. చిన్న అద్దం తీసుకుంటే మొహమే కనపడుతుంది, పెద్దది తీసుకుంటే చీర కుచ్చిళ్ళు కూడా కనపడతాయి. చివరికి పెద్దదే తీసుకుంది. తిరుగు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మీద పైటకొంగు కప్పి, కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డంపెట్టింది.

సోమవారం లారీ రాలేదు.

మంగళవారం పొద్దున్నే అమ్మ కొంగు నడుముకి బిగించి ఆ గది తలుపు తీసింది. పత్తినంతా వెనక గోడ వైపుకి నెట్టి, పాత చీరలు అడ్డంకట్టి, ముందు సగం ఖాళీ చేసింది. సున్నంలో నీలిమందు కలిపి ఈతమట్ట కుంచెతో గోడలకి వెయ్యటం మొదలెట్టింది. నేను గోడ అడుగున పట్టెకి ఎర్రమట్టి పూస్తున్నాను. మధ్యాహ్నానికి గోడ తెల్లగా, కాస్త నీలంగా మెరుస్తోంది. మేం అన్నం తినడానికి వెళ్ళినప్పుడు గాలి లేచింది. తిరిగొచ్చి చూస్తే గోడకి వెంట్రుకలు మొలిచాయి.

ఎగిరిన పత్తి నూగంతా వెళ్ళి తడి సున్నానికి అతుక్కుంది. పైనుంచి కిందిదాకా గోడ ముసలాయన గడ్డంలా బొచ్చు బొచ్చుగా ఉంది. అమ్మ చేతిలో కుంచె కింద పడేసింది. నాకు భయమేసింది. తమ్ముడు మాత్రం గుమ్మంలో నిలబడి, “అమ్మా, మంచు పడింది,” అన్నాడు.

వాడు అన్నది నిజమే. మేం ప్రార్థనకి వెళ్ళే గుడిలో గోడకి అంటించిన క్రిస్మస్ కార్డుల్లో ఇళ్ళ మీద, చెట్ల మీద అలాగే తెల్లగా ఉండేది. మాలో ఎవరమూ మంచు చూడలేదు. అమ్మ కాసేపు గోడని, కాసేపు వాణ్ణి చూసి, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాయంత్రం నాన్న వచ్చేదాకా గోడని అలాగే ఉంచి, ఆయనకి చూపించి, మళ్ళీ నవ్వింది. చేతికందినంత వరకు గీకి మళ్ళీ సున్నం వేశాం. పైన రేకుల కింద మాత్రం ఆ నూగు అలాగే వదిలేశాం. దాని మీద చెమ్కీ దండలు కట్టాక అది కావాలని చేసినట్టే ఉంది.

ఇక పడక సంగతి. పరుపులు కుట్టే సాయిబు తాత భుజాన విల్లు వేసుకుని ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. పత్తి ఇస్తే దానికి తగ్గ దూది ఇచ్చి, ఇంటి ముందే ఏకి కుట్టేవాడు. నాన్న కబురు చేస్తే వచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు. తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి చూసి, “ఇంట్లో ఇంత పత్తి పెట్టుకుని చాపల మీద పడుకుంటన్నారా అమ్మాయ్?” అన్నాడు.

“అది అమ్మకానికి బాబాయ్. ఇది మా వదినకి,” అంది అమ్మ.

ఆయన విల్లు తాడు మీద కొడుతుంటే టుంయ్ టుంయ్ మని చప్పుడు. దూది ముక్కలు ముక్కలుగా విడిపోయి నురగలాగా లేస్తోంది. పాలెం పిల్లలందరం చుట్టూ చేరాం. ఎండ పడమటికి దిగేసరికి ఒక పరుపు, రెండు దిండ్లు తయారయ్యాయి. దిండు నా చేతిలో పెట్టి, “చూడు, ఎట్టా ఉంది?” అన్నాడు. నేను దాని మీద చెంప ఆనించి తీయలేకపోయాను. ఆ రోజే నాన్న నులక మంచం విప్పి, కొత్త నులకతో గట్టిగా బిగించి అల్లాడు. నాన్నే వెదురు బద్దలతో నక్షత్రం కట్టాడు, మైదా ఉడకేసిన జిగురుతో నేను దానికి ఎర్ర కాగితం అంటించాను. ఇంటి నుంచి కొత్త గదికి వైరు లాగి, నక్షత్రంలో ఒక బల్బు, గదిలో ఒక బల్బు పెట్టాడు.

పత్తి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అప్పుడు నాన్న లారీ ఎప్పుడొచ్చినా ఎత్తడానికి వీలుగా ఉంటుందని మనిషెత్తు గోనె బోరేలు తెప్పించాడు. బోరెం నోరు ఇద్దరు పట్టుకోవాలి, ఒకరు లోపల దిగి పత్తిని తొక్కాలి. ఆ తొక్కే పనికి మా పాలెం పిల్లలు పోటీలు పడ్డారు. దిగేటప్పుడు తల మాత్రమే కనపడేది. తొక్కిన కొద్దీ, పై నుంచి పత్తి వేసిన కొద్దీ, మెల్లగా భుజాలు, నడుము, మోకాళ్ళు పైకి వచ్చేవి. చివరికి బోరెం మీద నిలబడి రేకులకి చెయ్యి తగిలించి దిగేవాళ్ళం. ఒళ్ళంతా దురద, జుట్టంతా నూగు. నాన్న దబ్బనంతో, పురికొసతో మూతులు కుట్టాడు. కుట్టిన బోరేలన్నిటినీ వెనక గోడకి ఆనించి నిలబెట్టి, అమ్మ వాటి ముందు రెండు చీరలు కలిపి తెర వేలాడదీసింది. తెర ఇవతల మంచం, స్టూలు, కూజా, గ్లాసు, అద్దం, సబ్బు. కిటికీలో గాజు గ్లాసులో మా పెరటి బంతిపూలు. ఆ పూట గది చూసి నేను గుమ్మం దాటడానికి కాళ్ళు కడుక్కుని వచ్చాను.

పండగ ముందురోజు మధ్యాహ్నం నాన్న, నేను, తమ్ముడు రోడ్డు మీదకి వెళ్ళి నిలబడ్డాం. దర్శి నుంచి వచ్చే బస్సు దుమ్ము దూరం నుంచే కనపడింది. ఆగగానే అత్తయ్య దిగింది. నీలం అంచు తెల్లచీర, చేతిలో సంచి, ఇంకో చేతిలో దారంతో కట్టిన కేకు డబ్బా. నేను పరిగెత్తి డబ్బా అందుకున్నాను. అత్తయ్య మా వైపు రాకుండా వెనక్కి తిరిగి బస్సులోకి చెయ్యి చాపింది. ఒక చిన్నపిల్ల దిగింది. ఆ వెనక నా ఈడు పిల్ల. ఆ వెనక, తలమీద రేకు పెట్టెతో, నాకంటే పెద్ద పిల్ల.

“వీళ్ళకి పోయేందుకు ఇల్లు లేదురా,” అంది అత్తయ్య నాన్నతో. “తెలిసినవాళ్ళు ఎవరో వచ్చి తీసుకుపోతామన్నారు. పొద్దున దాకా చూశా, రాలేదు. తాళం వేసిన హాస్టల్ ముందు వదిలేసి ఎట్టా రాను?”

“మంచి పని చేశావక్కా. రండమ్మా,” అని నాన్న ఆ పెట్టె అందుకున్నాడు.

దారంతా నేను లోపల లెక్కలు కడుతూనే ఉన్నాను. ఒక మంచం. రెండు దిండ్లు. ఒక తువ్వాలు. అమ్మ ఏమంటుందో. అమ్మ వాకిట్లో చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. ముందు అత్తయ్యను చూసింది, తర్వాత ఆ ముగ్గురినీ చూసింది. “వందనాలు వదినా. రండి తల్లీ, కాళ్ళు కడుక్కోండి,” అంటూ అందరికీ నీళ్ళు పోసింది. నన్ను దాటిపోతున్నప్పుడు మాత్రం నా భుజం గట్టిగా నొక్కింది. అది సంతోషమో కంగారో నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత అత్తయ్యను గదిలోకి తీసుకెళ్ళింది. మేమంతా గుమ్మం దగ్గర గుమిగూడాం. అత్తయ్య గది మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూసింది. పరుపు మీద చెయ్యి వేసింది. కూజా మీద గ్లాసు ఎత్తి, మళ్ళీ బోర్లించింది. రేకుల కింద నూగు చూసి, “అదేంది?” అంది.

“మంచు,” అన్నాడు తమ్ముడు.

“ఇదంతా నాకా?” అని అడిగింది అమ్మను.

“మీకే వదినా. తలుపుకి లోపల గడియ కూడా ఉంది.”

అత్తయ్య ఆ గడియను ఒకసారి ముందుకీ వెనక్కీ జరిపి చూసింది. “వేసుకోనా?” అంది. అమ్మ మమ్మల్ని వెనక్కి లాగింది. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు వినపడింది.

మేం అరుగు మీద కూర్చున్నాం. హాస్టల్ పిల్లలు ముగ్గురూ పెట్టె చుట్టూ, ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. అమ్మ వాళ్ళకి అరిసెలు పెట్టింది. వాళ్ళు చేతుల్లో పట్టుకుని తినకుండా తలుపు వంకే చూస్తున్నారు. ఎంతసేపైనా తలుపు తెరుచుకోలేదు. “పిలవనా?” అన్నాడు నాన్న. “ఊరుకోండి,” అంది అమ్మ.

తలుపు తీసుకుని వచ్చేసరికి అత్తయ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. జుట్టు ఒకవైపు నలిగి ఉంది. “పడుకున్నా,” అంది. “హాస్టల్లో నా మంచం వరండాలో ఉంటది. రాత్రీ పగలూ ఎవరో ఒకరు దాటుకుంటా పోతానే ఉంటారు. తలుపేసుకుని పడుకుంటే ఎట్టా ఉంటదో చూద్దామనుకున్నా. చాలా బాగుంది అమ్మాయ్.” అమ్మ లోపలికి వెళ్ళి కొంగుతో స్టూలు తుడిచింది, దాని మీద దుమ్మేమీ లేకపోయినా.

అప్పుడు అత్తయ్య పిల్లల వైపు తిరిగి, “వీళ్ళని ఎక్కడ పడుకోబెడదాం?” అంది.

 అమ్మ నేరుగా గదిలో వెనక వైపుకి నడిచి, మేం అంత శ్రమపడి కట్టిన చీరల తెరను ఒక్కసారిగా పక్కకి లాగేసింది. వెనక బోరేల గోడ బయటపడింది. హాస్టల్ పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. “వీటిని పడుకోబెడితే, వీటి మీద వీళ్ళని పడుకోబెట్టొచ్చు,” అంది అమ్మ.

నాన్న మొదటి బోరేన్ని కౌగిలించుకుని కిందకి వంచాడు. అది ధబ్బుమని పడింది. రెండోదానికి మేం పిల్లలందరం చేరాం. అప్పటిదాకా గొంతు విప్పని ఆ ముగ్గురూ పైటలూ రిబ్బన్లూ బిగించి మాతోపాటు తోశారు. ఒకదాని పక్కన ఒకటి పడేసి, సందుల్లో మిగిలిన పత్తి కుక్కి, పైన బొంతలు, వాటి పైన అమ్మ చీరలు పరిచాం. పత్తికి పట్టే ఎర్రపురుగులు ఉంటాయేమోనని అమ్మ ప్రతి అంచూ దులిపి చూసింది. ఆ సగం గది అంతా మా నడుముల ఎత్తున ఒకటే మంచమైపోయింది. చిన్నపిల్ల చేత్తో నొక్కి చూసి, “అత్తమ్మా, ఎక్కనా?” అని అడిగింది. అత్తయ్య తలూపేలోపే ఎక్కి, గెంతి, వెల్లకిలా పడింది. ఆ తర్వాత ఎవరు ఎక్కారో ఎవరు దిగారో చెప్పలేను. దానికి ఎవరి ఇంట్లోని పరుపూ సాటి రాదు. నేనూ తమ్ముడూ కూడా ఆ నాలుగు రోజులూ అక్కడే పడుకుంటామని అప్పటికప్పుడే తేల్చేసుకున్నాం.

పెద్దపిల్ల మాత్రం గోడల వంక చూస్తోంది. మిగిలిన నీలిమందు ఉందా అని మెల్లగా నన్నడిగింది. తెచ్చిస్తే, పుల్ల చివర గుడ్డ చుట్టి, ఎర్రమట్టి పట్టె పైన వరసగా తీగలు, పూలు వెయ్యడం మొదలెట్టింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. నడిమి పిల్ల రంగు కాగితాలు మడిచి, కత్తెరతో అక్కడక్కడా కోసి విప్పితే, చేతులు పట్టుకున్న బొమ్మల వరస వచ్చింది. మాకు తోరణమంటే త్రికోణాలు కత్తిరించడమే తెలుసు. ముందు మేం కట్టిన ఆ త్రికోణాలు పీకేసి ఆ బొమ్మల్ని కట్టాం. చుట్టాల కోసం సింగారించిన గదిని చుట్టాలే మళ్ళీ సింగారిస్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, “అటు కొంచెం పైకి. ఇటు దించు,” అని పురమాయిస్తోంది.

పొద్దుగూకగానే నాన్న నక్షత్రంలో బల్బు వెలిగించాడు. ఎర్ర వెలుగు వాకిలంతా పరుచుకుంది. దాన్ని చూసి పాలెంలో వాళ్ళంతా వచ్చారు. గుడిలో ప్రార్థన చేయించే పాస్టరు అయ్యగారు, ఆయన భార్య కూడా వచ్చారు. నేను అమ్మ అందరికీ గది చూపిస్తుందనుకున్నాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. చూపించింది అత్తయ్య. “రండి, రండి, లోపలికి రండి. ఇది మా మరదలు నాకోసం చేసిన గది. ఇదిగో అద్దం. ఇది మంచు. ఈ గడియ చూశారా,” అంటూ ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తిప్పింది. ఒక ముసలామె దిండు నొక్కి చూసి, “ఇంత మెత్తగా ఉంటే నిద్ర పడతదా?” అంది. “పడతది. సాయంత్రం ఒకసారి చూశా,” అంది అత్తయ్య.

పండగ పొద్దున ఆ గది ఇంకో రకంగా నిండిపోయింది. కొత్త బట్టలు, కొబ్బరినూనె, పౌడరు వాసన. అద్దం ముందు అందరికీ చోటు చాలలేదు. నేను మోకాళ్ళ మీద, నా వెనక నడిమి పిల్ల, ఆ వెనక పెద్దపిల్ల. అందరికంటే వెనక అత్తయ్య నిలబడి ఒకరి తర్వాత ఒకరికి జడలు వేసింది. వేళ్ళు ఎంత వేగంగా ఆడేవో. లోపల గడియ వేసుకున్నాం. “గుళ్ళో గంట కొట్టేశారు, రండే,” అని అమ్మ బయట నుంచి తలుపు కొడుతోంది. మేం తీయలేదు. చివరికి అత్తయ్యే తీసి, అమ్మను కూడా లోపలికి లాగి, అద్దం ముందు నిలబెట్టింది. అమ్మ తన కుచ్చిళ్ళు చూసుకుని, ఒకసారి సర్దుకుని, సిగ్గుపడుతూ బయటికి నడిచింది. ఆ రోజు గుడికి మేం ఆలస్యంగా వెళ్ళాం. అందరూ తలలు తిప్పి చూస్తుంటే వరసగా లోపలికి నడిచాం.

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది.

హారను మోగించుకుంటూ సందులోకి వచ్చి మా వాకిలి ముందు ఆగింది. నాన్న పరుగున బయటికి వెళ్ళాడు. అన్ని రోజులుగా ఆ లారీ కోసమే కదా ఎదురుచూస్తున్నాడు. డ్రైవరు దిగి, “పత్తి ఎక్కడుంది పంతులు గారూ?” అన్నాడు. నాన్న గది తలుపు తీశాడు. పత్తి మీద మేం అయిదుగురం దుప్పట్లు కప్పుకుని కూర్చుని కేకు తింటున్నాం. డ్రైవరు మమ్మల్ని, గోడ మీద పూలని, చెమ్కీ దండల్ని చూసి, పాగా సర్దుకుంటూ వెనక్కి అడుగేశాడు.

నాన్న అమ్మ వైపు చూశాడు. “మళ్ళీ ఎప్పుడొస్తదో,” అన్నాడు గొంతు తగ్గించి.

అమ్మ డ్రైవరుతోనే మాట్లాడింది. “అన్నా, ఇంట్లో చుట్టాలున్నారు. వాళ్ళు వెళ్ళినాక రా. నీకు మాంసం కూర కట్టిస్తా, తీసకపో.”

“పత్తి మీద చుట్టాల్ని పడుకోబెట్టారేంది తల్లీ,” అని నవ్వాడు అతను. పక్క ఊళ్ళో ఎత్తాల్సిన సరుకు ఉందనీ, రెండు రోజుల తర్వాత ఇటే వస్తాననీ చెప్పి, కూర గిన్నె పట్టుకుని వెళ్ళాడు. నాన్న ఆ రెండు రోజులూ కొంచెం దిగులుగానే తిరిగాడు. చెప్పిన రోజు లారీ వచ్చింది. ధర కూడా అటూ ఇటూ కాలేదు. కాకపోతే ఆ బోరేలు ఎత్తుతుంటే చిన్నపిల్ల ఒకదాన్ని పట్టుకుని వదల్లేదు. దాన్ని వదిలించడానికి సాయిబు తాత కుట్టిన దిండు ఒకటి అమ్మ ఆమెకి ఇచ్చేసింది.

ఆ సాయంత్రమే వాళ్ళ ప్రయాణం. పెట్టె సర్దుకున్నారు. పెద్దపిల్ల గోడ మీద తను వేసిన తీగను చివరిసారి చూసుకుని, ఒక ఆకు తక్కువైందని, పుల్ల తెప్పించుకుని అదీ వేసింది. బస్సుకి వేళవుతోందని నాన్న తొందరపెడుతున్నాడు. నేను అత్తయ్య సంచి తీసుకురావడానికి గదిలోకి వెళ్ళాను. ఆమె గోడకున్న మేకు మీద తన రెండో చీర, ఉతికి మడతపెట్టినది, వేలాడదీస్తోంది.

“అత్తా, ఇది మర్చిపోతున్నావు,” అన్నాను.

“మర్చిపోలేదే,” అంది. చీర అంచు ఒకసారి సరిచేసింది. “ఎండాకాలం మిరపకాయలు కళ్ళంలో ఉన్నప్పుడు వస్తా. అప్పుడు కట్టుకోవద్దూ?”

సంచి నా చేతికిచ్చి, తలుపు దగ్గరగా లాగి, ముందు నడిచింది.